ఆఖరి నీళ్ళు పోసిన మా రేపల్లె టీచరమ్మ

మా క్లాస్‌మేట్ పోయిన సంగతి ఫోన్‌లో ఆమె శవాన్ని చూశాకే నాకు తెలిసింది. ముందుగా ఒక కబురు లేదు, ఒక మాట లేదు. పొద్దున్నే ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని, అలవాటు కొద్దీ మా ట్రైనింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు తెరిచాను. ముక్కులో దూది, సగం తెరుచుకున్న నోరు, పెదవి పక్కన ఆసుపత్రి ప్లాస్టర్ పీకిన మరక. ఎవరో అనుకున్నాను. కింద పేరు రాసి ఉంది, పెట్టింది మా గ్రూపు అడ్మిన్. దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఆ దణ్ణాల మధ్యలో, పైన ఏముందో చూసుకోకుండా ఎవరో పంపిన గులాబీ పువ్వు, శుభోదయం.

ఏడుపు రావాలి కదా. రాలేదు. రోత పుట్టింది. ప్లేటు పక్కకి తోసేసి పెరట్లోకి పోయి నిలబడ్డాను. గుంటూరు ఆసుపత్రిలో చేర్చామని ముందురోజు వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. జ్వరమే, తగ్గిపోతుంది పిన్నీ అంది. తగ్గలేదు. పోయేకాలం వస్తే ఎవరం ఆపలేం, అది అర్థం చేసుకునే వయసు నాకు వచ్చింది. కానీ ఆ పక్కన నిలబడి, ఫోను పైకెత్తి, ఆ మొహానికి గురి చూసుకున్న చెయ్యి ఎవరిదో గానీ, ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. స్మృతి వ్యాసం రాయమంటే ఇలా తిట్లతో మొదలుపెట్టిందేంటి అనుకోకండి. ఆమె గురించి చెప్పాలంటే ఈ రోత గురించి చెప్పకుండా కుదరదు.

నాది తెనాలి, ఆమెది రేపల్లె. ఇద్దరం కలిసింది బాపట్లలో, టీచర్ ట్రైనింగ్‌లో. హాస్టల్లో ఇద్దరికీ ఒకే గది. మొదటిరోజే నేను మంచం కింద బొద్దింకని చూసి గోల పెడితే, ఆమె దాన్ని వట్టి చేత్తో పట్టుకుని కిటికీలోంచి పారేసి, ఆ చెయ్యి నా ఓణీకి తుడవబోయినట్టు నటించింది. నాకు పుట్టుకతోనే రోత ఎక్కువ. ఎంగిలి, చీమిడి, ఆరని గుడ్డల వాసన, దేనికీ నేను పనికిరాను. అలాంటిదాన్ని అన్నేళ్ళు ఒకటో తరగతి పిల్లల మధ్య ఎలా నెగ్గుకొచ్చానో నాకే తెలియదు. ఆమెకి అసలు రోతన్నదే లేదు. దేవుడు ఇద్దరికీ పంచాల్సింది పొరపాటున నా ఒక్కదాని విస్తట్లో వేసేశాడని నవ్వేది.

దేవుడంటే గుర్తొచ్చింది. వాళ్ళది లూథరన్ కుటుంబం. తినే ముందు ప్రార్థన చేయకుండా మెతుకు ముట్టేది కాదు. ఇంటికెళ్ళి సోమవారం తిరిగొచ్చేటప్పుడు వాళ్ళమ్మ క్యారేజీ నిండా చేపల పులుసు పంపేది. పక్క గదుల పిల్లలూ చేరేవాళ్ళు, ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన పూర్తి చేసేలోపు గిన్నెలో ముక్కలు తగ్గిపోయేవి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం అన్నట్టుండేది మా గది. ఒకసారి కళ్ళు తెరవకుండానే, ఆమెన్‌కి ముందే, "ముళ్ళున్నాయి, చూసుకుని తినండే" అంది. మా అమ్మ చేసే వరలక్ష్మీ వ్రతానికి పిలిస్తే తెనాలిలో రైలు మారే సందులో వచ్చి కూర్చునేది. "పిన్నిగారూ, బొట్టు వద్దులెండి, శనగలు మాత్రం ఇంకో గుప్పెడు వెయ్యండి" అనేది. తన నమ్మకాన్ని దాచుకోనూ లేదు, ఇంకొకరి మీద రుద్దనూ లేదు.

పెళ్ళి రేపల్లెలోనే జరిగింది. భర్త ఆర్టీసీ కండక్టరు, నెమ్మదస్తుడు, కొన్నేళ్ళ కిందటే పోయాడు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అత్తగారు మంచానపడితే బడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఒళ్ళంతా తుడిచేది. ఆవిడ పోయిన రోజున చుట్టాలంతా ముక్కుల మీద కొంగులు పెట్టుకుని గుమ్మంలో నిలబడి తొంగి తొంగి చూస్తున్నారట. ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషి, అందర్నీ బయటికి నెట్టి తలుపేసిందట. లోపల తనొక్కతే నీళ్ళు పోసి, తల దువ్వి, చీర కట్టి అప్పుడు తలుపు తీసింది. అది చూసినావిడ ఎవరో తన ఇంట్లో చావు జరిగినప్పుడు ఈమెకి కబురు పంపింది. ఆ తర్వాత ఇంకొకరు. చివరికి ఏ కులమైనా, ఏ మతమైనా, ఆ చుట్టుపక్కల ఆడమనిషి పోతే ముందు "టీచరమ్మగారికి చెప్పారా?" అనడం అలవాటైంది.

ఆమె పద్ధతి నేను కళ్ళారా చూశాను. కిటికీకి దుప్పటి కట్టేది. లోపలికొచ్చే ఆడవాళ్ళ ఫోన్లన్నీ గుమ్మం బయట ఒక చేటలో పెట్టించేది. పోయినావిడ మీద పల్చటి పంచె కప్పి, ఆ గుడ్డ కిందే నీళ్ళు పోసి, ఆ గుడ్డ కిందే తుడిచేది. ఒంటిని ఒక్క క్షణం కూడా బయటపెట్టేది కాదు. చేస్తున్నంతసేపూ చెబుతూనే ఉండేది. "చెయ్యి తీస్తున్నానండి. కొంచెం పక్కకి తిప్పుతున్నానమ్మా. అయిపోయింది, అయిపోయింది." హిందువులైతే పసుపు వాళ్ళ చేత రాయించేది, ముస్లింలైతే వాళ్ళ పెద్దావిడ ఎలా చెబితే అలా సాయం పట్టేది. తన ప్రార్థన లోపల్లోపలే చేసుకునేది. పోయినవాళ్ళతో మాటలేంటే అని ఒకసారి అడిగాను. "వద్దు అని చెప్పలేని స్థితిలో ఉంది కదే పాపం. అందుకని మనమే అడిగి అడిగి చెయ్యాలి" అంది.

ఇక మా గ్రూపు అడ్మిన్ గురించి చెప్పాలి. ఆవిడా మా క్లాస్‌మేటే, బాపట్లలో ఉంటుంది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. హాస్టల్లో ఆ మహాతల్లి తన గ్లాసుని మా స్నేహితురాలు ముట్టుకోకుండా పెట్టెలో పెట్టి తాళం వేసుకునేది. ఎవరైనా పొరపాటున ముట్టిస్తే బూడిద పెట్టి తోమేది. ఎందుకో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. తర్వాత చాలా ఏళ్ళకి ఆవిడ అత్తగారు పోతే, ఒళ్ళంతా పుళ్ళుపడిన ఆ ముసలావిడ దగ్గరికి కోడళ్ళెవరూ పోకపోతే, రేపల్లెకి కబురొచ్చింది. ఈమె బాపట్ల బస్సెక్కి వెళ్ళింది. నాకు తెలిసి ఫోన్లో గయ్యిమన్నాను. "సిగ్గులేదా నీకు? ఆ గ్లాసు మర్చిపోయావా?" "దాన్ని ఆవిడే తోముకునేది కదే. నాకేం పని పెట్టలేదుగా" అంది. అంతే, నా కోపానికి ఇక పట్టుకోవడానికి కొస దొరకలేదు.

మా అమ్మకి కూడా ఆమే. చివరి రోజుల్లో అమ్మకి వీపంతా పుళ్ళు. నర్సు వచ్చి కట్టు మార్చే వేళకి నేను వంటింట్లోకి పారిపోయేదాన్ని. వాళ్ళు చర్చిని గుడి అంటారు. ఆదివారం గుడయ్యాక ఆమె రైలెక్కి తెనాలి వచ్చి అమ్మకి ఒళ్ళు తుడిచేది. నేను గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, "నీకు రోత ఎక్కువ, అది నీ చేతుల్లో లేదు. కిటికీ దగ్గర నిలబడి మీ అమ్మతో కబుర్లు చెప్పు. ముక్కు పని నేను చూసుకుంటా, నోటి పని నువ్వు చూసుకో" అంది. నేను కిటికీ దగ్గర నుంచి ఎదురింటి వాళ్ళ పెళ్ళి సంగతులు చెబుతుంటే అమ్మ నవ్వింది. ఆ నవ్వు నాకు మిగిల్చింది ఆమే. ఈ జన్మకి నేను ఇంకెవరికీ అంత కృతజ్ఞురాలిని కాను.

ఆమెకీ ఒక్క రోత ఉందని నాకు ఈ మధ్యనే తెలిసింది. మాతోపాటు పనిచేసిన ఒక టీచరు పోతే ఇద్దరం వెళ్ళాం. అక్కడ పెట్టె చుట్టూ లైట్లు, కెమెరాలు. చుట్టాలు వరసలుగా వచ్చి శవం వెనక నిలబడి ఫోటోలు దిగుతున్నారు. వెనకటి రోజుల్లో క్రైస్తవ ఇళ్ళల్లో అందరూ కలిసి ఒక ఫోటో తీయించుకునేవాళ్ళు, పోయిన మనిషికి ఉన్న ఫోటో అదొక్కటే అయ్యేది కాబట్టి. ఇప్పుడు ఆ అవసరమేముంది? మా స్నేహితురాలు అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తిరుగు బస్సులో వాళ్ళమ్మాయి కూడా మాతోనే ఉంది. మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఆమె చెప్పింది. "నన్ను మాత్రం ఎవరి ఫోన్లోనూ పెట్టనివ్వకండి. చచ్చిపోతే మాత్రం నా మొహం నాది కాకుండా పోతుందా? నన్ను దేవుడు చూస్తే చాలు." ఆమె ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. నాకు తెలిసి ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

ఆ పొద్దున తెనాలిలో రేపల్లె రైలెక్కాను. వేమూరు దాటకముందే గ్రూపులో ఫోటోలు పెరిగాయి. అంబులెన్సులోంచి దించుతుండగా ఒకటి, ఫ్రీజర్ బాక్సులో పెడుతుండగా ఒకటి. ఆ తర్వాత లైవ్ లింకు. "రాలేనివారు ఇందులో వీక్షించి నివాళులు అర్పించగలరు" అని అడ్మిన్ రాసింది. ఎదురు సీటావిడ నా కళ్ళు చూసి, "టీచరమ్మగారింటికేనాండి? మేమూ అక్కడికేనండి" అని తన ఫోను ఇటు తిప్పింది. అదే లైవ్. అద్దం పెట్టెలో మా స్నేహితురాలి మొహం, దాని మీదుగా పైకి ఎగిరిపోతున్న ఎర్రటి గుండె బొమ్మలు. ఛీ అన్నాను పైకే. ఆవిడ తననే అన్నాననుకుని ఫోను సంచిలో పెట్టేసుకుంది. భట్టిప్రోలు వచ్చేదాకా ఇద్దరం కిటికీలోంచి బయటికే చూశాం.

సందు మొదట్లోనే ఫ్లెక్సీ. పైన ఆమె ఫోటో, కింద నివాళులర్పిస్తున్న మనుషుల ఫోటోలు బారులుగా, కొందరు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కొందరు నవ్వుతూ. షామియానా కింద బాక్సు. వీడియో ఆయన ఒకావిడ భుజం పట్టుకుని, "అమ్మా, కొంచెం ఇటు తిరిగి ఏడవండి, మీ మొహం రావట్లేదు" అంటున్నాడు. ఆ ఏడుస్తున్నది మా అడ్మినే. కెమెరాలోకి చూస్తూ, హాస్టల్లో మేం ఒకే కంచంలో తిన్నామండి, మా మధ్య కులాలూ మతాలూ లేవండి అంటోంది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు. పోయినావిడ గొప్పది కావడం సరే, ఆ పుణ్యాన గ్లాసు దాచుకున్నావిడ కూడా గొప్పదైపోయింది. నన్ను చూసి, "రా రా, నీకోసమే ఆగాం. బాక్సు వెనక నిలబడండి అందరూ, బ్యాచ్ ఫోటో" అని చెయ్యి ఊపింది.

నేను బాక్సు దగ్గరికి వెళ్ళి లోపలికి చూశాను. మెడదాకా తెల్ల పట్టుచీర. అంచు తొలగినచోట కింద ఆసుపత్రి గౌను కనబడుతోంది. చేతి మీద సెలైన్ సూదికి వేసిన పట్టీ అలాగే ఉంది. వేళ్ళ సందుల్లో ఎండిపోయిన ఎర్రమందు. పక్కనే కూలబడి ఉన్న వాళ్ళమ్మాయిని అడిగాను.

"స్నానం ఎవరు చేయించారే?"

ఆ పిల్ల వెర్రిదానిలా చూసింది. "ఆసుపత్రిలో చేసి పంపుతారు కదా పిన్నీ?"

అబ్బాయిని అడిగితే చెల్లి చూసుకుందనుకున్నానన్నాడు. గుడి ఆడవాళ్ళని అడిగితే ఇంట్లోవాళ్ళు చేయించారనుకున్నామండి అన్నారు. ఇరుగుపొరుగు గుడివాళ్ళు చేశారనుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఏ ఆడమనిషి పోయినా కబురు ఈమెకే వెళ్ళేది. కబురు వెళితే మిగతాది జరిగిపోయేది. ఇప్పుడు ఆమే పోతే కబురు ఎవరికి పంపాలో ఎవరికీ తోచలేదు. ఎప్పట్లాగే జరిగిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఫ్లెక్సీ వాడికి కబురు వెళ్ళింది, లైట్ల వాడికి వెళ్ళింది, బిర్యానీ వండేవాడికి కూడా వెళ్ళింది.

"బాక్సు లోపలికి తీసుకురా. స్నానం చేయించాలి" అన్నాను అబ్బాయితో.

"టైము లేదు పిన్నీ" అన్నాడు బతిమాలుతున్నట్టు. "అయ్యగారు ఒంటిగంటకి ఆరాధన మొదలుపెడతామన్నారు. లైవ్‌లో అంతమంది చూస్తున్నారు. అమ్మని అందరూ చూడాలనే కదా ఇదంతా. మధ్యలో తీసేస్తే ఏమనుకుంటారు?"

వాడు చెడ్డవాడు కాదు. అమ్మంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని ఊరందరికీ చూపించాలని వాడి ఆరాటం. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అమ్మ ఏం అనుకుంటుందో ఆలోచించావట్రా? ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నీళ్ళు పోసిన మనిషిని నీళ్ళు కూడా పోయకుండా, ఆసుపత్రి గౌను మీద పట్టుచీర చుట్టి పంపిస్తార్రా? పైగా సినిమా తీస్తారా? తన మొహం ఎవరి ఫోన్లోనూ పెట్టొద్దని చెప్పింది మీ అమ్మ. నాకు చెప్పింది, నీ చెల్లికీ చెప్పింది!"

"చిన్నగా మాట్లాడవే, లైవ్‌లో వినబడుతుంది" అని అడ్మిన్ నా చెయ్యి పట్టుకుంది.

"విననీ. నువ్వు ఆ ఫోటో పెట్టినప్పుడు నాకు అన్నం సహించలేదు. ఇప్పుడు వాళ్ళకీ సహించకుండా పోనీ."

వాళ్ళమ్మాయి లేచి అన్న ముందు నిలబడింది. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ అన్న మాటకి ఎదురు చెప్పి ఎరగదు. "అమ్మ చెప్పిందన్నయ్యా. నిజంగానే చెప్పింది. నేనే నీకు చెప్పలేకపోయా" అంది. వాడు చెల్లికేసి చూసి, పాస్టర్ అయ్యగారి కేసి చూశాడు. ఆయన బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. "మా ఇంటావిడకి నీళ్ళు పోసింది ఈ తల్లే బాబూ. ఆరాధనకేం తొందర? కానివ్వండమ్మా, మేం కూర్చుంటాం" అన్నారు. వాడు వెళ్ళి బాక్సు ప్లగ్గు తనే పీకాడు. తనే వంగి తల వైపు పట్టుకున్నాడు.

అప్పుడు ప్లాస్టిక్ కుర్చీల్లోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. బొట్టు పెట్టుకున్నవాళ్ళు, పెట్టుకోనివాళ్ళు, బురఖాలో ఒకామె. ఎవరికి ఎవరు పోతే ఈమె వచ్చి నీళ్ళు పోసిందో నాకు తెలియదు, నేను అడగలేదు. ఒకరు దుప్పటి తెచ్చి కిటికీకి కట్టారు. ఒకరు పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టారు. అడ్మిన్ కూడా లేచింది గానీ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. నేను రమ్మనలేదు. అంత మంచితనం నాకు లేదు, అది లోపల పడుకున్న మనిషిది.

తలుపు వేసుకున్నాక, అబద్ధమెందుకు, నా కొంగు ముక్కు దాకా వెళ్ళింది. గౌను విప్పుతుంటే వచ్చిన వాసన ఆమెది కాదు, మందులది, ఆసుపత్రిది. ఆ గది నిండా అంతమంది చెయ్యగలిగినవాళ్ళున్నారు, నేను పక్కకి తప్పుకున్నా ఎవరూ ఏమీ అనరు. తప్పుకోబుద్ధి కాలేదు. వాళ్ళమ్మాయి గుడ్డ మీద నీళ్ళు పోస్తుంటే నేను కొబ్బరినూనె తీసుకుని ఆ పెదవి పక్కన మరక మీద రాశాను. జిగురు మొండికేసింది. గట్టిగా రుద్దితే చర్మం లేస్తుందేమోనని భయం. మెల్లగా, మెల్లగా రాస్తుంటే వదిలింది. వదిలాక ఆమె మూతి మళ్ళీ ఆమె మూతిలా అయింది. "చెప్పకుండా పోయావు కదే, దొంగమొహమా" అన్నాను. పొద్దున్నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

బయట నుంచి వీడియో ఆయన తలుపు కొట్టాడు. "అమ్మా, ఒక్క షాట్ తీసుకుంటానండి." గదిలో ఆడవాళ్ళంతా ఒక్కసారే తిట్టారు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను గానీ, ఆ రోజు నేను విన్న మాటల్లో నాకు బాగా నచ్చినవి అవే.

చీర కట్టి, పెట్టెలో పెట్టి, మూత లోపలే వేసేశాం. కడసారి చూపు కూడా లేకుండా చేసిందండి ఆ తెనాలావిడ అని షామియానా కింద గొణిగారు. గొణుక్కోనీ. ఆరాధన ఆలస్యంగా మొదలైంది. కొడుకు పెట్టె మీద చెయ్యి పెట్టుకుని చివరిదాకా అలాగే నిలబడ్డాడు. భర్త పక్కనే ఆమెని భూస్థాపన చేశారు.

ఇంటికొచ్చి, ఆ గ్రూపులోంచి బయటపడదామని ఫోను తీశాను. అడ్మిన్ లైవ్ మొత్తం వీడియో చేసి పెట్టింది. తీసేయబోతూ ఎందుకో నొక్కాను. మేం లోపలున్నంతసేపూ వాళ్ళు కెమెరా ఆపలేదు. తలుపుకేసి తిప్పి వదిలేశారు. అంతసేపూ ఒకటే బొమ్మ. ఆకుపచ్చ రంగు తలుపు, గుమ్మం ముందు అడ్డదిడ్డంగా విడిచిన ఆడవాళ్ళ చెప్పులు. కింద జనం రాస్తూనే ఉన్నారు. ఏం కనబడట్లేదు. కెమెరా లోపలికి పెట్టండి. సౌండ్ రావట్లేదు. కానీ సౌండు వస్తోంది. ఫోను చెవికి ఆనించుకుంటే తెలుస్తోంది. ఆ తలుపు అవతల ఎవరో చెంబుతో నీళ్ళు పోస్తున్నారు, కాసేపు ఆగుతున్నారు, మళ్ళీ పోస్తున్నారు.